గేటు పాసు లేని బృహస్పతి

ఆ రోజు ఓంకార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి లింగంపల్లిలో ఆటో ఎక్కాలి, ఎనిమిదిన్నరకు హైటెక్ సిటీలోని ఆఫీసుకు చేరాలి, పది గంటలకు బృహస్పతి గ్రహాన్ని బల్ల మీద పెట్టి ఓ పదినిమిషాలు మాట్లాడాలి. అంతే!

ఆ పదినిమిషాలు సరిగ్గా మాట్లాడకపోతే మాత్రం ఉద్యోగం ఉండదు. రెండు నెలలుగా అతను బెంచి మీద ఉన్నాడు. ఐటీ వాళ్ళ లెక్కలో బెంచి అంటే జీతం వస్తుంది, పని ఉండదు, నిద్ర పట్టదు. ఇంకో వారంలో ఏ ప్రాజెక్టూ దొరక్కపోతే ఇంటికేనని హెచ్ఆర్ జయంతి చక్కగా నవ్వుతూ చెప్పింది. సరిగ్గా అప్పుడే, దేవుడు పంపినట్టు, బెంగళూరు నుంచి ఒక పరిశోధన సంస్థ వచ్చింది. బృహస్పతి దగ్గరికి వెళ్ళిన వ్యోమనౌకలు ఆ గ్రహానికీ దాని చందమామలకూ తీసిన ఫొటోలను ఏరి సర్దే సాఫ్ట్‌వేరు వాళ్ళకు కావాలట. చూసి తేల్చడానికి వస్తున్న డాక్టర్ యశస్వినికి స్లైడ్లంటే మహా చిరాకు. ఇప్పటికే రెండు కంపెనీల్లో మూడో స్లైడుకే లేచి వెళ్ళిపోయిందని చెప్పుకుంటున్నారు. అందుకే ఓంకార్ నమూనా చేశాడు.

థర్మోకోల్ బంతి కోసం నిజాంపేట దాకా తిరిగాడు. బళ్ళలో సైన్సు ప్రదర్శనలట, ఒక్కటీ మిగల్లేదు. చివరికి వడియాల కోసం తల్లి సక్కుబాయి తెచ్చిపెట్టుకున్న బూడిద గుమ్మడికాయ కంటపడింది. దానికి పసుపు, గోధుమరంగు పట్టీలు వేశాడు. ఎర్రరంగు సీసా ఎండిపోయి ఉండటంతో, బృహస్పతి మీద భూమిని మింగేసేంత పెద్దగా ఉండే ఎర్ర తుపాను మచ్చను కుంకుమతో దిద్దాడు. నాలుగు పెద్ద చందమామలకు నాలుగు నిమ్మకాయలు. వ్యోమనౌకకు ఒక అగ్గిపెట్టె, మూడు ఐస్‌క్రీం పుల్లలు.

"నీ గ్రహం సల్లగుండ! నా వడియాలు పాయె" అని సక్కుబాయి దీవించి సాగనంపింది.

ఆఫీసు గేటు దగ్గర రాత్రి డ్యూటీ గార్డు అడ్డుపడ్డాడు. బరువున్న వస్తువు ఏది లోపలికి పోవాలన్నా గేటు పాసు మీద జయంతి సంతకం ఉండాలట. సరేనని ఓంకార్ గ్రహాన్నీ చందమామలనూ నౌకనూ గేటు పక్కన బల్ల మీద పెట్టి, సంతకం కోసం ఆరో అంతస్తుకు పరిగెత్తాడు. అతను లిఫ్టెక్కాడు, ఇక్కడ డ్యూటీ మారింది. రాత్రి గార్డు నిద్రమొహంతో ఇంటికి పోయాడు. పగటి గార్డు లింగమూర్తి వచ్చి టోపీ సర్దుకుంటూ బల్ల వంక చూశాడు. గుమ్మడికాయ, కుంకుమ, నిమ్మకాయలు. ఇంకేం కావాలి?

"పోచమ్మా! జర ఇటు రా" అని ఊడుస్తున్న పోచమ్మను పిలిచాడు. "బెంగళూరు మేడం వస్తున్నది గద, సార్లు దిష్టి తీయమని అన్నీ తెచ్చి పెట్టిండ్రు."

పోచమ్మ కాయను చుట్టూ తిప్పి చూసి పెదవి విరిచింది. "గిట్లనా బొట్టు పెట్టేది? ఒక్క పక్కకే పెట్టిండ్రు. ఆఫీసోళ్లకు ఏం ఎరుక!" అని తన సంచిలోని కుంకుమ పొట్లం విప్పి బృహస్పతికి మరో ఆరు తుపానులు అంటించింది. అగ్గిపెట్టె నౌక ఆమెకు అగరొత్తుల స్టాండులాగా కనిపించింది. రెండు అగరొత్తులు గుచ్చి వెలిగించింది. కాయ నెత్తిన లింగమూర్తి కర్పూరం పెట్టి వెలిగించాడు.

అంతలో మేనేజర్ భీమేశ్వరరావు కారు దిగాడు. ఇది జయంతి ఏర్పాటే అనుకున్నాడు. తనకు తెలియదంటే పరువు పోతుందని "బాగుందయ్యా, కానివ్వండి" అన్నాడు. జయంతి వచ్చి, ఇది మేనేజర్ గారి ఏర్పాటే అనుకుని చెప్పులు విప్పి దండం పెట్టింది. మేనేజర్, హెచ్ఆర్ కలిసి దండాలు పెడుతున్నారన్న వార్త అంతస్తులన్నీ ఎక్కేసరికి ఉద్యోగాలు పోతున్నాయన్న వార్త అయింది. బెంచి మీది వాళ్ళంతా బిలబిలమంటూ దిగారు. కర్పూరం పొగ మొహాన కొట్టగానే దగ్గుకుంటూ దూరంగా పారిపోయి, ధైర్యం చాలక మళ్ళీ దగ్గరికొచ్చి మొక్కుతున్నారు.

ఆరో అంతస్తులో ఓంకార్ ఖాళీ కుర్చీ ముందు పావుగంట నిలబడి, జయంతి కిందే ఉందని తెలుసుకుని లిఫ్టు పట్టాడు. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది. "ఏమైంది?" అని అడిగితే "కింద దిష్టి తీస్తుండ్రంట, గుమ్మడికాయకు రంగులు గిట్ల ఏసి మస్తు తయారు చేసిండ్రంట" అన్నాడు పక్కనున్న తోటి ఉద్యోగి హేమంత్. ఓంకార్ లిఫ్టు తలుపు మీద దబదబా బాదాడు.

లిఫ్టు తెరుచుకోగానే జనం వెనకనుంచి గొంతు చించుకున్నాడు. "ఆపుండ్రి! అది దిష్టి కాయ కాదు, బృహస్పతి!"

అరవకుండా ఉన్నా బాగుండేది. "బృహస్పతా! నాకు గురుబలం లేదని పంతులు నిన్ననే చెప్పిండు, జర తొవ్వ ఇయ్యుండ్రి" అంటూ హేమంతే అందర్నీ నెట్టుకుంటూ ముందుకు పోయాడు. గుంపు రెట్టింపయింది, ఓంకార్ మళ్ళీ లిఫ్టు గోడకు అతుక్కున్నాడు.

అప్పుడే యశస్విని కారు వచ్చింది. లింగమూర్తి చెయ్యెత్తి ఆపి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. లెక్క సరిగ్గా సరిపోయింది. కర్పూరం వెలుగుతున్న గుమ్మడికాయను కారుకు ఎదురుగా మూడుసార్లు తిప్పి, బలమంతా కూడదీసుకుని నేలకేసి కొట్టాడు. సౌరకుటుంబంలో అతి పెద్ద గ్రహం ఫట్‌మని పగిలి పది ముక్కలైంది. "ఇగ రానియ్యి!" అన్నాడు లింగమూర్తి. కారు కదిలింది. నాలుగు చందమామలూ పచ్‌మన్నాయి.

ఓంకార్ జనాన్ని చీల్చుకుని వచ్చేసరికి గింజలు, తొక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. యశస్విని కారు దిగి "ఏమిటిదంతా?" అంది.

"మా సంప్రదాయం అండి మేడం, మీ కోసమే ప్రత్యేకంగా చేయించామండి" అని భీమేశ్వరరావు చేతులు నలుపుకున్నాడు.

"కాదు మేడం" అన్నాడు ఓంకార్. ఏడుపు ఆగలేదు, ఇక దాచుకోవడానికి కూడా ఏమీ లేదు. "ఇది బృహస్పతి. మీకు చూపిద్దామని నేనే చేసిన. మీ ముందు చక్రం కింద పోయింది దాని చందమామ, యూరోపా."

యశస్విని వంగి ఒక తొక్క ముక్క తీసి చూసింది. "పట్టీలు సరిగ్గానే వేశారే. మరి ఇన్ని ఎర్రమచ్చలేమిటి?"

"అవి నేనే పెట్టిన మేడం" అంది పోచమ్మ గర్వంగా. "ఒక్కటే అయితే ఏం బాగుంటది!"

"మీ వ్యోమనౌక ఏదీ?"

ఓంకార్ బల్ల మీది బూడిద చూపించాడు. అగరొత్తుల నిప్పు అగ్గిపెట్టె లోపలి పుల్లలకు అంటుకుని ఎప్పుడో భగ్గుమంది. "కాలిపోయింది మేడం. కానీ అసలు నౌక గిట్ల కాలదు. బృహస్పతి కాడ రేడియేషన్ మస్తుంటది, అక్కడ్నే ఉంటే లోపలి మిషిన్లన్నీ ఖరాబైతయి. అందుకే సర్రున దగ్గరికొచ్చి, ఫొటోలు తీసుకొని, మళ్ల శాన దూరం పోతది. ఇందాక మావోళ్లు పొగకు దగ్గుకుంట ఉరికి, మళ్ల మొక్కనీకి రాలేదా, అట్ల!" కళ్ళు తుడుచుకుని చితికిన నిమ్మకాయనొకటి ఎత్తి పట్టుకున్నాడు. "ఇది అయో మేడం. బృహస్పతి ఒక పక్క, తోటి చందమామలు ఒక పక్క గుంజుతుంటే పిసికినట్టయి లోపలంత కుతకుత ఉడుకుతది. అగ్గికొండలు అందుకే." పదినిమిషాలనుకున్నవాడు గేటు దగ్గర నేల మీదే అరగంట చెప్పాడు. హేమంత్ గురుబలం మరిచిపోయి నోరు తెరుచుకుని విన్నాడు.

యశస్విని పకపకా నవ్వింది. "పదేళ్లుగా నేను బృహస్పతి చుట్టూ తిరుగుతున్నా. బృహస్పతి నా ముందు మూడు చుట్లు తిరగడం ఇవాళే చూశా. రావుగారూ, స్లైడ్లు వద్దు. నా ప్రాజెక్టుకు ఈయన కావాలి."

సాయంత్రం ఆరింటికి భీమేశ్వరరావు కంపెనీ అందరికీ మెయిలు పంపాడు. ప్రాజెక్టు మనకే దక్కిందనీ, ఓంకార్‌ను లీడ్‌గా వేశామనీ, ఈ విజయానికి ఏకైక కారకుడైన సెక్యూరిటీ లింగమూర్తికి కంపెనీ రుణపడి ఉందనీ రాశాడు. నమూనాలు ఎన్నయినా చేసుకోవచ్చు గానీ, శనిగ్రహాన్ని మాత్రం ఆఫీసు దరిదాపులకు తేవద్దని చివర్లో ఓంకార్‌కు విడిగా సూచించాడు.