అంచు మీద దేవుడు

దేవుడి మీద నమ్మకం మనసులో ఉంటే చాలదు, నాణెం మీద కూడా ఉండి తీరాలని చట్టం చేసుకున్న దేశం అమెరికా. (మనసును తనిఖీ చేయడం కష్టం, నాణేనికైతే భూతద్దం చాలు.) ఆ భూతద్దం ముప్పై ఏళ్లుగా వెర్నన్ స్టబుల్‌ఫీల్డ్ చేతిలో ఉంది. డాలరు నాణెం అంచున "దేవుణ్ణే నమ్ముకున్నాం" అన్న మాట సరిగ్గా పడిందో లేదో చూడడమే టంకశాలలో ఆయన కొలువు. పెన్షన్‌కి ఇంకా ఐదు నెలలుంది.

సరిగ్గా అప్పుడే కొంప మునిగింది. ఒక మంగళవారం అరవై వేల నాణేలు అంచు యంత్రం ఎక్కకుండానే బ్యాంకులకు వెళ్లిపోయాయి, దిక్కూ దేవుడూ లేకుండా! ఆ పూట వెర్నన్ సీట్లో లేడు. "పనిలో అప్రమత్తత" అనే తప్పనిసరి శిక్షణలో ఉన్నాడు.

విచారణ రోజున భార్య ఆర్లీన్ టై సర్దుతూ, "నీకెందుకయ్యా భయం? శిక్షణకి పంపింది వాళ్లేగా!" అంది.

"అందుకేనే భయం."

విశ్వాస విభాగం ఉపసంచాలకురాలు ప్రుడెన్స్ హాల్వర్సన్ ఫైలు తెరిచింది. "ఫిర్యాదు ఒక్కటీ రాలేదు వెర్నన్ గారూ. దేవుడు లేడని కనిపెట్టింది నాణేలు పోగుచేసే పిచ్చివాళ్లే. ఒక్కోదానికి తొంభై డాలర్లిచ్చి మరీ ఎగబడి కొంటున్నారు."

"అమ్మయ్య! అయితే నష్టం లేనట్టేగా మేడం?"

"దేవుడున్న నాణెం ఎంత?"

"డాలరే."

"మీ చేతిమీదుగా అలాంటివి ఎన్ని వెళ్లాయి?"

వెర్నన్ ఛాతీ విరుచుకున్నాడు. "కోట్లు మేడం! ముప్పై ఏళ్లలో ఒక్క అక్షరం పోనిస్తే ఒట్టు."

ఆమె శ్రద్ధగా రాసుకుంది. "అంటే ఒక్కోదాని మీద ఎనభై తొమ్మిది డాలర్లు ఖజానాకి నష్టం. మీరే ఒప్పుకున్నారు." (లెక్క తేలేసరికి దేశం అప్పులో చెప్పుకోదగ్గ వాటా వెర్నన్ పేరు మీదికొచ్చింది.) పెన్షన్ నిలుపుదల కాగితం మీద ముద్ర ఠపీమని పడింది.

వెర్నన్ కాగితాన్ని వెనక్కి తోశాడు. "అన్యాయం మేడం! ఈ వయసులో నేనూ మా ఆవిడా ఎవర్ని నమ్ముకుని బతకాలి?"

ప్రుడెన్స్ నిజంగానే ఆశ్చర్యపోయింది.

"అదేమిటండీ, ముప్పై ఏళ్లు భూతద్దం పెట్టి మరీ చదివారుగా!"