మాస్టారు తెప్పించిన కేసు

ఆ శనివారం పొద్దున్న నారాయణరావు మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. వైజాగ్‌లో ఉన్న బావమరిది శ్రీనుకి ఫోను చేసి, ఇంటికి ఎలాంటి కంప్యూటరు కావాలో చెప్పడం. కాఫీ చల్లారేలోగా అయిపోవలసిన పని.

కాశీబుగ్గలో అతను పిల్లలకు లెక్కలు చెబుతాడు. ప్రశ్నపత్రాలు టైపు చేసే సెంటరువాడికి వర్గమూలం గుర్తు ఎక్కడుందో తెలియదు. అది కావలసిన చోటల్లా టిక్కు పెట్టేవాడు. అర్ధ సంవత్సరం పరీక్షలో పిల్లలు ఆ టిక్కులు చూసి, ఆ ప్రశ్నలకు మార్కులు ముందే వేసేశారనుకుని జవాబులు రాయడం మానేశారు. ఆ రోజు నుంచి నారాయణరావుకి పట్టిన కోపం దిగలేదు. సొంత కంప్యూటరు కొని, సొంత చేతులతో టైపు చేసుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు.

శ్రీను వైజాగ్‌లో హార్డువేరు కోర్సు చేశాడు. విడి భాగాలు తనే ఎంచి, ఆదివారం పొద్దున్న రైలుకి తెచ్చి, ఇంట్లోనే బిగిస్తానన్నాడు. చిక్కల్లా అతని ఎంపికతోనే.

"బావా, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఏసుకుందాం. బొమ్మలు ఎగిరొచ్చి మీద పడిపోతాయి."

"నా ప్రశ్నపత్రంలో త్రిభుజం ఉంటాదిరా. అది ఎగరక్కర్లేదు, ఉన్నచోట ఉంటే సాలు."

"పోనీ పెద్ద స్పీకర్లు? ఇల్లదిరిపోద్ది."

"ఇల్లదరడానికి నా గొంతు సాలదేట్రా?"

నిజంగానే చాలుతుంది. పైగా లైనులో గరగర. నారాయణరావు వీధి చివరికి వినపడేలా అరుస్తున్నాడు.

"క్యాబినెట్టు మాత్రం గట్టిది తే!"

"క్యాబినెట్టనకు బావా, నామోషీ. కోర్సులో కేసనే నేర్పారు. అద్దాలదీ, రంగు లైట్లదీ ఒకటుంది..."

"లైట్లూ వద్దు, నీ తలకాయా వద్దు! కేసు గట్టిదవ్వాలి! ఏళ్ల తరబడి నిలబడాలి! పవర్ లేకపోతే కేసెందుకు? ముందు మదర్‌ని కేసులో బిగించెయ్! తర్వాత మిగతావన్నీ ఒక్కోటీ లోపలెయ్!"

వాకిట్లో బొడ్డమ్మ చేపలు కోస్తోంది. మందస అవతల, సముద్రం పక్కనున్న నారాయణరావు సొంతూరే ఆమెదీ. రోజూ బుట్టతో బస్సెక్కి కాశీబుగ్గ వచ్చి పోతుంటుంది. మాస్టారి అన్న కూర్మయ్య, తల్లి ముసలమ్మ ఆ ఊళ్లోనే ఉంటారు. కేసు, పవర్, మదర్, లోపలెయ్ అన్న ముక్కలే ఆమె చెవిన పడ్డాయి. కత్తిపీట మీద బొడ్డమ్మ చెయ్యి ఆగిపోయింది. మిగిలిన చేపలు కోయకుండానే మాస్టారి భార్య రూప చేతిలో పెట్టి, దొరికిన బస్సెక్కేసింది.

సాయంత్రానికల్లా కూర్మయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. నారాయణరావు ఇంట్లో లేడు. కంప్యూటరు బల్ల కుంటిగా చేశాడని వడ్రంగితో తగువాడడానికి వెళ్లాడు. రూప ఫోను తీసింది.

"అమ్మా రూపా, కేసు సంగతి నిజమేనా?"

"నిజమే బావగారూ. రేపు పొద్దున్నే వచ్చేత్తంది. శ్రీను దగ్గరుండి తెత్తన్నాడు. ఈయన పొద్దుట్నుంచీ ఆ కోపంలోనే ఉన్నారు."

"మదర్‌ని కూడా అందులో పెడతన్నాడంట?"

"మదర్ లేకపోతే ఆ కేసు దేనికి పనికొత్తది బావగారూ!"

అవతల టక్కుమని ఫోను పెట్టేసిన చప్పుడు. లైను పోయిందనుకుని రూప కూడా పెట్టేసింది.

ఆదివారం పొద్దున్న శ్రీను కంటే ముందు ముసలమ్మ దిగింది. వెనకాల, ఉతకని చొక్కాతో కూర్మయ్య. గుమ్మంలో అడుగు పెడుతూనే ఆమె అందుకుంది.

"నన్ను కేసులో బిగిస్తావేట్రా? ఈ వయసులో బోనెక్కిస్తావా? నిన్ను కన్నందుకు ఇదేనా?"

కుంటి బల్ల కింద అట్టముక్క దూర్చడానికి తంటాలు పడుతున్న నారాయణరావుకి ఒళ్లు మండిపోయింది. దేని గురించో అడగాలని కూడా తోచలేదు.

"కేసుతో నీకేటమ్మా పని? అది నాకూ శ్రీనుకీ మధ్య. గట్టిదే తెమ్మన్నాను, నా ఇష్టం!"

"సూశావా, ఒప్పుకున్నాడు!" అంటూ ముసలమ్మ నెత్తి కొట్టుకుంది.

కూర్మయ్య ముందుకొచ్చి తమ్ముడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "తమ్ముడా, కేసొద్దు. ఎనక్కి తీసీసుకో. గట్టు జరిపింది నానే. నాన్న పోయిన ఏడే జరిపీసినాను. ఆ రెండు వరసలూ నీకిచ్చేత్తాను. అమ్మని కోర్టుకి లాగకు."

నారాయణరావు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఏ రెండు వరసలు?"

కూర్మయ్య తల్లి వైపు చూశాడు. తల్లి కూర్మయ్య వైపు చూసింది. ఆమెకూ తెలియదు.

జీడితోట పంచుకున్నప్పుడు మధ్యలో వేసిన గట్టు అది. ఏటా వేసవిలో కూర్మయ్య ఒక సంచీ జీడిపిక్కలు పంపేవాడు. నారాయణరావు వాటిని స్టాఫ్ రూములో పంచుతూ, 'మా అన్న పంపాడు, మనిషి బంగారం' అని చెప్పుకునేవాడు. ఆ పిక్కలు తన చెట్లవేనని ఇప్పుడు అర్థమైంది. నిన్నటి నుంచి అరిచిన అరుపులన్నీ ఉత్త చప్పుడు. అసలు కోపం వచ్చేసరికి మళ్లీ వంగి, బల్ల కింద అట్టముక్క సర్దసాగాడు.

అంతలో వీధిలో రిక్షా ఆగింది. "బావా, కేసొచ్చీసింది!" అంటూ శ్రీను పెద్ద అట్టపెట్టె దింపాడు. విప్పితే లోపల రేకు డబ్బా. అద్దాలు లేవు, లైట్లు లేవు. ఖాళీ.

"ఇదేటి?" అన్నాడు కూర్మయ్య.

"కేసు."

"మరి మదర్?"

శ్రీను సంచీలోంచి పచ్చటి బోర్డు ఒకటి తీసి చూపించాడు. "ఇదిగో. మదర్ బోర్డు. దీన్ని అందులో బిగిత్తాం."

కూర్మయ్య డబ్బా చుట్టూ తిరిగి చూశాడు. మెల్లగా అతని ముఖంలోకి కళ వచ్చింది. "అయితే కేసు లేనట్టేనా? నానేదో నవ్వులాటకన్నాను తమ్ముడా. గట్టేటి, జరగడమేటి!"

పొద్దున్నించీ ఊగిపోతున్న ముసలమ్మ కోపానికి అప్పుడు సరైన మనిషి దొరికాడు.

"నవ్వులాటకి జరిపినావేట్రా? నాను నీ ఇంట్లో తిన్న కూడు తమ్ముడి సెట్లదా? నారాయణా, ఆ డబ్బా అవతల పారేసి నిజం కేసెయ్యి. నాను బోనెక్కి సెప్తాను!"

మధ్యాహ్నం బస్సుకే తల్లీకొడుకులు తిరుగు ప్రయాణమయ్యారు. పెట్టిన భోజనం కూర్మయ్య ముట్టలేదు. సాయంత్రానికి గట్టు పాత చోటికి వెళ్లిపోయింది. తల్లి పక్కన నిలబడి తవ్వించింది. ఆ కబురు మర్నాడు బొడ్డమ్మే, చేపల కన్నా ముందు, వాకిట్లో దించింది. వేసవిలో జీడిపిక్కల సంచులు వచ్చాయి. నారాయణరావు వాటిని స్టాఫ్ రూములో పంచాడు గాని, ఎవరు పంపారో చెప్పలేదు.

మరుసటి ఏడు నారాయణరావు ప్రింటరు కొంటున్నాడని తెలియగానే, కూర్మయ్య మొదటి బస్సుకే వచ్చి తను కలిపేసుకున్న కొబ్బరిచెట్ల సంగతి కూడా ఒప్పుకున్నాడు.