కొక్కెం చెవి

సోమవారం ఉదయం బీమా ఆఫీసు మేనేజరు పెట్టుకున్న పని ఒక్కటే. కాగితాన్ని రెండు వైపులా వాడాలన్న సర్క్యులరును నోటీసు బోర్డుకు ఎక్కించాలి. అంతకుముందు శుక్రవారం అదే సంగతి మీద పూటంతా మీటింగు పెట్టాడు. ఆ ఉపన్యాసం భరించలేక క్లెయిముల సీటులో పనిచేసే గుమాస్తా చేతిలో ఉన్న కాగితం మీద ఆయన బొమ్మ గీసుకుంది. ఆ తర్వాత సర్క్యులరు టైపు చేయమంటే, చూసుకోకుండా ఆ కాగితాన్నే ప్రింటరులో పెట్టింది. ప్యూనుకు రెండు వైపుల్లో బొమ్మ ఉన్న వైపే చూడముచ్చటగా అనిపించింది. అదే పైకి కనిపించేలా గుండుసూదులు గుచ్చి వెళ్ళిపోయాడు.

బొమ్మలో మేనేజరుకు మెడ లేదు. అందుకని టై పొట్టకు కట్టి ఉంది. నోట్లోంచి కాగితం చుట్టలు చుట్టలుగా దిగుతుంటే స్టాఫంతా అందులో పీకల్దాకా మునిగి ఉన్నారు. చెవి మాత్రం తలుపు కొక్కెంలా వంకర తిరిగి ఉంది.

బోర్డు ముందు మూగిన జనం మేనేజరును చూడగానే ఎవరి సీట్లోకి వాళ్ళు జారుకున్నారు. ఆయన బొమ్మను చూశాడు. టైని చూశాడు. తన టైని తడుముకున్నాడు.

"ఎవరిదీ పని? సాయంత్రంలోగా పేరు తేలాలి. తేలితే వాళ్ళకి ఈ ఆఫీసులో ఇదే ఆఖరి రోజు," అన్నాడు.

గుమాస్తా చేతిలోని పెన్సిలును సొరుగులో దాచేసింది. ఇంట్లో అత్తగారికీ తనకూ ఆ జీతమే ఆధారం.

పేరు తేల్చే బాధ్యత అకౌంట్సు ఆఫీసరు మీద పడింది. ఆయన జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది గనక ఆఫీసులో ఆయన పేరు కూడా భూతద్దమే. ఒక వారపత్రికలో ఏళ్ళ తరబడి సంతకం లేకుండా కార్టూన్లు వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన గీసే ప్రతి మనిషికీ చెవి కొక్కెంలా ఉంటుందని పాఠకులు ఆయన్ను కొక్కెం మాస్టారంటారు. ఎక్కడ ఏ బొమ్మ కనిపించినా అది మాస్టారిదా కాదా అని తేల్చడమే భూతద్దం నడిపే అభిమాన సంఘం పని. ఆ సంఘానికి భూతద్దమే అధ్యక్షుడు, క్యాషియరు కార్యదర్శి. సభ్యుడు కూడా ఒకడుండేవాడు గానీ, ముక్కుల విషయంలో అభిప్రాయభేదం వచ్చి రాజీనామా చేశాడు.

మేనేజరు గదిలో భూతద్దం ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి చెవి మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"సార్, ఇది స్టాఫు పని కాదు. ఇది కొక్కెం మాస్టారి చేతి గీత," అన్నాడు.

"అనుమానమే లేదు," అన్నాడు క్యాషియరు, ఇంకా బొమ్మ చూడకుండానే.

"అంత పెద్దాయన నా బొమ్మ ఎందుకు గీస్తాడయ్యా?"

"అనామకుల జోలికి ఆయన వెళ్ళరు సార్. గీశారంటే మీకొక స్థాయి ఉందన్నమాట."

మేనేజరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. కాగితం తిరగేసిన క్యాషియరు మాత్రం నీళ్ళు నమిలాడు. "వెనక మన సర్క్యులరుందండీ."

"ఉంటుంది మరి. మాస్టారు పాలసీ పని మీద ఇక్కడికి వచ్చుంటారు. గీయాలనిపించి కాగితం అడిగుంటారు, మనవాళ్ళెవరో ఇచ్చుంటారు," అన్నాడు భూతద్దం.

"అంటే నన్ను ఎదురుగా చూసే గీశాడన్నమాట," అన్నాడు మేనేజరు. ఇప్పుడాయనకు బొమ్మలో మెడ లేకపోవడం కూడా గంభీరంగా కనిపించింది.

సాయంత్రానికి బొమ్మకు ఫ్రేము కట్టించారు. సర్క్యులరు దాని వెనక ఊపిరాడకుండా ఉండిపోయింది. బొమ్మ ఆవిష్కరణకు పత్రిక ద్వారా మాస్టారినే పిలవాలని భూతద్దం తీర్మానించాడు. మేనేజరు పైఆఫీసు వాళ్ళకు కూడా కబురు పెట్టాడు.

గుమాస్తా ఇంటికెళ్ళి సంగతంతా అత్తగారికి చెప్పింది. చిన్నప్పుడు ఆ వారపత్రిక ముందేసుకుని గీత నేర్చుకున్న పిల్ల గనక, ఆ కొక్కెం ఆమె చేతికి అలా అలవాటైపోయింది.

"నోరెత్తకు. ఉద్యోగం దక్కింది. నీకు పోయిందేముంది?" అంది అత్తగారు.

"బొమ్మ పోయింది అత్తయ్యా."

"నువ్వూ, నీ బొమ్మా. అన్నం తిను."

ఆవిష్కరణకు మాస్టారు నిజంగానే వచ్చాడు. తాను గీయని బొమ్మ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాడు. మేనేజరు ఆ రోజు మెడ కనిపించేలా కాలరు పైకి లాక్కున్నాడు. తెర తొలగించారు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని దగ్గరికెళ్ళి చూసి, హాయిగా నవ్వాడు.

"చాలా బాగుంది. కానీ ఇది నాది కాదండీ."

చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. భూతద్దం మాత్రం మొండి రోగిని చూసిన డాక్టరులా ఓపిగ్గా నవ్వాడు. "మర్చిపోయి ఉంటారు సార్. ఆ చెవి చూడండి."

"చూశాను నాయనా. నేను కొక్కెం పైనుంచి కిందికి లాగుతాను. ఇది కిందనుంచి పైకి లాగారు. నాకన్నా బాగా వచ్చింది కూడా."

"మీ గీత సంగతి మీకేం తెలుసు సార్? ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్నది మేము."

పెద్దాయన వాదించకుండా, పక్కనున్న కాగితం మీద గబగబా ఒక మనిషిని గీసి ఇచ్చాడు. భూతద్దం అద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు. "ఇది అనుకరణలా ఉంది," అని క్యాషియరుకు అందించాడు. క్యాషియరు కూడా పెదవి విరిచాడు.

వెనక వరసలో గుమాస్తాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడింది. "ఆ బొమ్మ నేను గీశాను."

"కూర్చోమ్మా," అన్నాడు మేనేజరు. "పెద్దవాళ్ళ సొత్తు మనదని చెప్పుకోకూడదు."

మర్నాడు ఆమెకు మెమో వచ్చింది. మేనేజరును వెక్కిరిస్తూ బొమ్మ గీసినందుకు కాదు, గీశానని చెప్పుకుని సంస్థ పరువు తీసినందుకు. అత్తగారు పక్కన కూర్చుని సంజాయిషీ రాయించింది: ఆ బొమ్మ నాదని పొరబడ్డాను, మన్నించగలరు.

అయితే ఆవిష్కరణ నాడు ఆఫీసు గేటు దగ్గర ఇంకొకటి జరిగింది. మాస్టారు ఆమె కోసం ఆగాడు.

"టై పొట్టకి కట్టాలని ఎలా తట్టిందమ్మా?"

"మెడ కోసం చూశానండీ. దొరకలేదు."

ఆయన నవ్వి నవ్వి గేటు పట్టుకున్నాడు. "పత్రికకి నాలుగు బొమ్మలు పంపు. సంపాదకుడితో నేను మాట్లాడతాను. కింద పేరు మాత్రం రాయి. రాయకపోబట్టే నేను ఇలాంటివాళ్ళ పాలబడ్డాను."

ఆమె పంపింది. వారం వారం ఆమె పేరుతో బొమ్మలు రావడం మొదలైంది. మూడో బొమ్మకే అభిమాన సంఘానికి ఒళ్ళు మండిపోయింది. ఎవరో మాస్టారి శైలిని కాపీ కొట్టి, ఆఫీసులో ఓ గుమాస్తా పేరు తగిలించుకుని చలామణీ అవుతున్నారనీ, ఆ చెవిలో ప్రాణం లేదనీ సంపాదకుడికి ఘాటుగా రాశారు. అసలైన కొక్కెం చెవి ఎలా ఉంటుందో పాఠకులకు తెలియాలని మేనేజరు గదిలోని బొమ్మను ఫొటో తీసి జతపరిచారు.

సంపాదకుడికి మాస్టారు జరిగిందంతా ముందే చెప్పి ఉన్నాడు. ఆయన ఉత్తరాన్ని కామా పోకుండా అచ్చువేసి, ఆమె మూడో బొమ్మనూ, ఫొటోలోని బొమ్మనూ పక్కపక్కన పెట్టి, రెండింటి కిందా గుమాస్తా పేరే వేశాడు.

మేనేజరు తన బొమ్మ పత్రికలో పడిందని ఆ సంచిక పైఆఫీసులో అందరికీ స్వయంగా పంచిపెట్టాడు.