కారులో దాచిన చెమట

పొద్దున్నే తలుపు తీసిన ఫిజిక్స్ మాస్టారి భార్యకు ఇంటి ముందు కారు కనిపించలేదు.

"ఏమండీ! కారు పోయింది!"

తొమ్మిదింటికి ఆసుపత్రిలో ఆమెకు హెడ్ నర్సు ఇంటర్వ్యూ. ఇది తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు.

కారు బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కొత్తది వేయించడానికి మాస్టారికి సిద్ధాంతం అడ్డొచ్చింది. రోజూ సాయంత్రం బావమరిది చేత వీధి ఎగువన ఉన్న ఇంటిదాకా కారు నెట్టించేవాడు. "చేసిన పని ఎక్కడికీ పోదురా! స్థితిశక్తిగా కారులోనే దాక్కుంటుంది. పొద్దున్న వాలులో వదిలితే గతిశక్తిగా బయటికొస్తుంది, ఇంజిన్ అందుకుంటుంది" అనేవాడు.

కానిస్టేబుల్ వచ్చాడు. సంగతంతా విన్నాడు.

"స్టార్టే కాని బండిని ఎత్తుకెళ్లాడంటే వాడు దొంగ కాదు సార్, పుణ్యాత్ముడు."

"ఎదురింటి దర్జీని పట్టుకోండి. నిన్న నా కారు వంక అదోలా చూశాడు!" అన్నాడు మాస్టారు.

"చూశానండీ," అన్నాడు దర్జీ గుమ్మంలోంచి. "జాలిగా చూశాను."

దర్జీ మీదికి మాస్టారు చెయ్యి ఎత్తబోతుండగా వీధి దిగువనుంచి కేక వినిపించింది. "మాస్టారూ! మీ కారు మా కొట్లో పడుకుంది!"

అందరూ పరుగెత్తారు. పరుపుల దుకాణం ముందు పేర్చిన దొంతరలోకి కారు ముక్కు దూర్చి ఉంది. దాని మీద గీత కూడా పడలేదు. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"చూశారా! గతిశక్తినంతా పరుపులు ఎలా మింగేశాయో! ఆపడానికి పరుపులు చేసిన పని..."

"మీ పాఠం తగలెయ్య! నా ఇంటర్వ్యూ సంగతేంటి?" భార్య దుకాణదారు వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీ వ్యానులో కాస్త దింపుతారా?"

"దింపుతానమ్మా. ముందు నా పరుపుల మీదికి ఈ బండిని వదిలిందెవరో తేలాలి."

కానిస్టేబుల్ మాస్టారిని పట్టుకున్నాడు. "చక్రం కింద రాయి పెట్టలేదా?"

"పెట్టాను! నా చేత్తో పెట్టాను!"

"మరి ఆ రాయి వాకింగుకి వెళ్లిందా? పదండి స్టేషనుకి."

భార్య గడియారం చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆమె తమ్ముడు గొంతు సవరించుకుంటూ ముందుకొచ్చాడు.

"అక్కని పంపించెయ్యండి. రాయి తీసింది నేనే," అని మాస్టారి వైపు తిరిగాడు. "రోజూ నెట్టేది నేను, పక్కన నడుస్తూ సూత్రం చెప్పేది నువ్వు. నా చెమటంతా అందులోనే భద్రంగా ఉందన్నావు కదా, నమ్మకం కుదరక తీసి చూశాను. ఉంది బావా."