పటేలు కారుకు నలుగు

మనూరు పటేలు మాణిక్యప్ప ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: పదింటికల్లా నారాయణఖేడ్ చేరి, తహసీల్దారు పిలిచిన పటేళ్ల సభలో ముందు వరుసలో కూర్చోవడం. అవి యుద్ధం రోజులు. రబ్బరు ఎక్కడా దొరకడం లేదు. కారు అద్దం తుడిచే వైపర్ ఎండకు బిరుసెక్కి, తుడవడం మానేసి గీకడం మొదలుపెట్టింది. దాని పుణ్యమా అని మూడు రోజుల కిందట వానలో డ్రైవరు అహరోను కారును తిన్నగా కందిచేనులోకి తోలాడు.

"ఇయ్యాల గూడ గట్లనే జేస్తివా, నౌకరీ పాయె. రేపట్నుంచి నాగలి వట్టు," అన్నాడు పటేలు.

అహరోనుకు ముగ్గురు పిల్లలు, నడుంనొప్పి. పాపం, వాన వచ్చేలోగా రబ్బరును మెత్తబరచాలని పటేలు భార్య చంద్రమ్మను ఆముదం అడిగాడు.

"అమ్మా, అద్దం తుడిచే గా పుల్లకు జరంత రాయున్రి. నేను ఇంజనుకు నీళ్లు తెస్త."

తెచ్చేసరికి అద్దం మొత్తం నిగనిగలాడుతోంది. చంద్రమ్మ మోచేతుల దాకా ఆముదమే.

"అయ్యో, అద్దానికెందుకు తల్లీ!"

"నెత్తికి నూనె వెడ్తె అంతా వెడ్తం గని, పాపిట్లనే వెడ్తమారా?"

అహరోను గుడ్డతో తుడిచాడు. జిడ్డు పక్కకు జరిగింది గానీ పోలేదు. అతని తెలివికి చంద్రమ్మ జాలిపడింది. "గుడ్డకు వోతదా? నలుగు వెట్టాలె," అంటూ శనగపిండిలో పసుపు కలిపి తెచ్చి, అద్దానికి ఆ చివర నుంచి ఈ చివర దాకా పట్టించింది. అంతలో పటేలు తలకు రుమాలు చుట్టుకుని రానే వచ్చాడు.

"ఏందిరా గిది?"

"జిడ్డు వీకుతున్నది," అంది చంద్రమ్మ. "మీరు పోన్రి. తొవ్వల వాన కడుగుతది."

ఆవిడ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. ఊరు దాటగానే వాన వచ్చింది. కడగలేదు, పిండిని కలిపింది. లోపలి పిడి తిప్పితే ఆడే వైపర్ అది. పటేలే పట్టుదలగా తిప్పాడు. తిప్పినకొద్దీ పెనం మీది అట్టులా పిండి సమంగా పరుచుకుంది.

"ఆపున్రి పటేలా, వెలుగు గూడ వోతున్నది!"

చేసేదేం లేక అహరోను కుడివైపు నుంచి, పటేలు ఎడమవైపు నుంచి తలలు బయట పెట్టారు.

"బర్రె! బర్రె!"

"ఏ దిక్కు వోతున్నది పటేలా?"

"మన దిక్కే!"

బర్రె తెలివైనది కాబట్టి తప్పుకుంది. తహసీలు కచేరీ ముందు దిగేసరికి పటేలు మీసాలు, రుమాలు అన్నీ పసుపు పిండే. అరుగు మీద తహసీల్దారు ఒక్కడే నిలబడి చూస్తున్నాడు. పరువంతా పోయిందన్న కోపంతో పటేలు అహరోను చేతిలోంచి తాళం లాక్కున్నాడు.

"మాఫ్ జెయ్యున్రి హుజూర్. ఇదంత గీ గాడిద జేసిన పని. గిప్పుడే నౌకరీల నుంచి తీసేసిన."

అహరోను కళ్లలో నీళ్లు తిరిగాయి. తహసీల్దారు మెట్లు దిగి వచ్చి, అద్దాన్ని వేలితో గీరి చూశాడు.

"గీ అద్దంతోనే మనూరు నుంచి తోలుకొచ్చిండా? వాన అని తక్కిన పటేళ్లు ఒక్కరు రాలె. మా డ్రైవరు రెండు చినుకులు వడ్తె కారే బయటికి తియ్యడు. నిజంగనే తీసేసిన్రా?"

"తీసేసిన హుజూర్," అన్నాడు పటేలు గర్వంగా.

"బహుత్ అచ్ఛా. ఇయ్యాల్టి నుంచి మా కారు తోల్తడు."

అహరోను వంగి సలాం కొట్టి, మరొకరు మాట్లాడేలోగా కచేరీ షెడ్డు వైపు నడిచాడు.

సాయంత్రానికి వాన వెలిసింది. పటేలు అద్దం తళతళలాడేలా కడిగించి, తాళం పట్టుకుని కార్లో కూర్చున్నాడు. మనూరు దారి ఎంత దూరమైనా స్పష్టంగా కనిపిస్తోంది. ఆయనకు కారు తోలడం మాత్రం రాదు.