ఆరు మీద ఆగని నీళ్లు

అత్తగారు రాజమ్మతో గోపికకు ఉన్న పేచీ ఒక్కటే. ఆమె కోడల్ని మెచ్చుకుంటుంది. తిట్టే అత్త అయితే సూర్యాపేటలో సలహా చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. పొగిడే అత్త గురించి ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి? కూరలో ఉప్పు ఎక్కువైతే "మా కోడలిది పెద్ద చెయ్యి" అంటుంది. పాలు పొంగి పొయ్యి పాడైతే "మా కోడలు అడుగువెట్టిన ఇల్లు, పొంగకేం జేస్తది" అంటుంది. ఈ పొగడ్తలు గుమ్మం దాటనంత కాలం గోపిక భరించింది. మిర్యాలగూడలో ఒక పెళ్లి పందిట్లో అవి గుమ్మం దాటాయి.

సంగతేమిటంటే, గోపిక మేడ మీద నాలుగు తెల్లటి పైపులు పరిచి, వాటికి రంధ్రాలు చేసి, మట్టి అన్నది లేకుండా పాలకూర పెంచుతోంది. కింద ఒక నీలం డ్రమ్ము. అందులో ఎరువు మందు కలిపిన నీళ్లను చిన్న మోటారు పైపుల్లో తిప్పుతుంది. వేర్లు ఆ నీళ్లలో వేలాడుతూ తమకు కావలసింది తాగుతాయి. ఇది రాజమ్మ నోట పడేసరికి "మా కోడలు మేడ మీద పొలం చేస్తది" అయింది. విన్నవాళ్లలో రాజమ్మ కూతురు సరోజన ఉంది. కోదాడలో తరాలుగా వ్యవసాయం చేస్తున్న ఇంటి కోడలు.

"నీళ్లల్లో నాచు పెరుగుద్ది గానీ కూర పెరుగుద్దా అమ్మా?" అంది సరోజన, విస్తరి ముందు పదిమంది వినేలా.

"వచ్చే నెల రెండో శనివారం మా ఇంటికి అన్నానికి రా. బజారు ఆకు ఒక్కటి గిన్నెల పడదు. పడ్డదంటే మా గోపిక పేరు మార్చుకుంటది" అంది రాజమ్మ.

పందెం అత్తగారిది, పేరు కోడలిది. గోపిక అప్పడం నమలడం ఆపి వదినగారి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఇంటికి వచ్చాక గాని ముఖం మీది నుంచి దిగలేదు.

మర్నాడు పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. నీళ్లను ఆరు దగ్గర పెట్టడం, ఆ శనివారం దాకా దేన్నీ కదిలించకపోవడం. నీళ్లలో పులుపు ఎంతుందో పెన్నులాంటి మీటరు ముంచితే అంకెల్లో చెబుతుంది. పులుపు పెరిగితే అంకె తగ్గుతుంది, పులుపు తగ్గితే అంకె పెరుగుతుంది. ఆరు దగ్గరుంటే పాలకూర సుఖంగా ఉంటుంది. ఏడు దాటి పైకి పోతే విస్తరి నిండా వడ్డించి నోరు కట్టేసినట్టే. ఎదురుగా మందు ఉన్నా వేరు తీసుకోలేదు. సూర్యాపేట బోరు నీళ్లు సహజంగానే పైకి ఎగబాకే రకం. అందుకని అప్పుడప్పుడు నాలుగు చుక్కలు యాసిడ్ వేసి దించుతూ ఉండాలి. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన గోపికకు ఇది కొత్త విద్య కాదు.

ఆ రోజు మీటరు ఎనిమిది చూపించింది. నాలుగు చుక్కలు వేసింది. బట్టలు ఆరేయడానికి మళ్లీ వచ్చి ముంచితే నాలుగున్నర. చెయ్యి జారిందనుకుని పైకి తెచ్చే మందు వేసింది. తెల్లారి చూస్తే ఎనిమిదిన్నర. వారం తిరిగేసరికి ఆ నీళ్లు సద్దుల బతుకమ్మ నాడు పిల్లలు ఊగే ఉయ్యాలలా పైకీ కిందికీ ఊగాయి. పాలకూర ఆకులు ఈనె ఈనెకీ మధ్య పసుపెక్కాయి. డ్రమ్ము అడుగున బూడిదరంగు మడ్డి చేరితే అది బోరు సున్నమే అనుకుంది.

భర్త ప్రభాకర్ ఒకసారి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని డ్రమ్మును పరిశీలించాడు. "మీటరు ఖరాబైంది" అని తేల్చాడు. కొత్త మీటరు వచ్చింది. అదీ అలాగే ఊగింది. "అయితే బోరే ఖరాబైంది" అన్నాడు.

"క్యాన్ల నీళ్లు పోసి సూద్దామా?" అంది గోపిక.

"ఆ వాటర్ ప్లాంటు గూడ మన కాలనీ భూమిలకెల్లే గద తోడుతది. నీకు తెల్వదు, ఊకో."

అంతటితో ఊరుకుంటే కథ లేదు. ప్రభాకర్ కాలనీ వాట్సాప్ గ్రూపులో గొంతు సవరించుకుని ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. మన బోర్ల నీళ్లల్ల తేడా ఉన్నది, మా మేడ మీద మొక్కలే సాక్ష్యం అని. దాంతో కాలనీలో ఎవరి కష్టానికి వారికి కారణం దొరికింది. జుట్టు రాలడం, కందిపప్పు ఉడకకపోవడం, ఒకాయనకు ప్రమోషన్ రాకపోవడం కూడా బోరు ఖాతాలోకి పోయాయి. మొదటి చెంబు తెచ్చింది కాలనీ ప్రెసిడెంటు సాంసన్. ఆయన బడిపంతులు, నెమ్మదస్తుడు.

"మేడమ్, జర మా నీళ్లు గూడ సూడండ్రి."

ఆయన వెనక ఇంకో చెంబు. దాని వెనక బిందె. ఒకామె గ్లాసులో మజ్జిగ తెచ్చి, వచ్చినందుకు ఇదీ చూడమంది. మీటరుకు పులిసిన వాసన పట్టింది. తన పాలకూర బతుకుతుందా అన్న దిగులు పోయి, తాను బతుకుతానా అన్న దిగులు పట్టుకుంది గోపికకు.

అయితే ఆమె ఒక పని చేసింది, ఎవరికీ చెప్పలేదు. నీళ్ల ట్యాంకు వెనక, మనిషి దృష్టి పోని సందులో రెండు టబ్బులు పెట్టింది. అదే బోరు నీళ్లు, అదే మందు, అవే నాలుగు చుక్కలు. ఒక పైపులోని మొక్కలన్నీ తీసి వాటిలోకి మార్చి, పైన పాత చీర కప్పింది. ఆ నీళ్లు ఆరు దగ్గర పడుకున్నాయి, కొంచెం లేచినా చుక్క వేయగానే మళ్లీ పడుకున్నాయి. రెండో వారానికి కొత్త ఆకులు ఏనుగు చెవుల్లా, ముదురు పచ్చగా విచ్చుకున్నాయి.

నీళ్లు మంచివే, మందు మంచిదే. ఇక మిగిలింది మనుషులు.

పందెం నాటి శనివారం పొద్దున "పెరుగుకు పోయొస్త" అని గట్టిగా చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ గేటు దాకా వెళ్లి, వెనక మెట్ల మీదుగా మేడెక్కి ట్యాంకు చాటున నిలబడింది.

ముందు రాజమ్మ వచ్చింది. చేటలోది డ్రమ్ములో ఒంపి, కట్టెతో కలిపి, దండం పెట్టుకుంది. అంతలో ప్రభాకర్ వాకింగ్ నుంచి నేరుగా మేడ మీదికి వచ్చాడు. చేతిలో సీసా.

"ఏందమ్మా అది?"

"పిడకల బూడిద. ఎయ్యకుంటే పురుగు పట్టదా? మా ఊరు నిడమనూరుల మేం ఆకుకూరకు ఇదే సల్లేది. నీ చేతుల ఏంది?"

"నిమ్మరసం."

"మొక్కలకు ఎండదెబ్బ తాకిందా?"

"నీళ్లల్ల పులుపు ఉంటలేదమ్మా. గోపికకు తెల్వకుండ రోజు నేనే సరిచేస్తున్న. మిర్యాలగూడల అంత మాట అంటివి, దాని పేరు పోతది గద."

"నేను గూడ గందుకే కొడుకా. నాకు మాత్రం దాని పేరు మీద రంది లేదా?"

ట్యాంకు వెనక గోపికకు కోపం సగం దాకా వచ్చి ఆగిపోయింది. బూడిద ఎక్కిస్తుంటే నిమ్మరసం దించింది, నిమ్మరసం విరిగిపోతే బూడిద మళ్లీ ఎక్కించింది, మధ్యలో తన యాసిడ్. పాలకూరకు జబ్బు చేసింది ముగ్గురి అభిమానంతో.

అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. కోదాడ నుంచి దిగిన సరోజన ముందు, చెంబులతో సాంసన్, కాలనీవాళ్లు వెనక. రోజూ వచ్చే వేళ కావడంతో వాళ్లూ వచ్చేశారు.

"గేటు ముందు ఇంతమంది చెంబులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరికేమైందోనని నా గుండె ఆగినంత పనైంది" అంది సరోజన. తర్వాత పైపుల వైపు చూసింది. "ఇదేనా అమ్మా నీ పొలం? పచ్చకామెర్లు వచ్చినట్టుంది."

రాజమ్మ పసుపు ఆకులకు చేట అడ్డం పెట్టింది.

"పొలం ఇటు పక్కకు ఉన్నది వదినా" అంది గోపిక, ట్యాంకు వెనక నుంచి. పాత చీర తీసేసింది.

సరోజన వంగి ఒక ఆకు తుంచింది. కాడ విరిస్తే ఫట్‌మంది. వాసన చూసింది, పచ్చిదే నోట్లో వేసుకుని నమిలింది. వేర్లు ఎత్తి చూసింది. తెల్లగా, కడిగిన సేమియాలా ఉన్నాయి. వెతికినా మట్టి రేణువు లేదు.

"పేరు మార్చుకోనక్కర్లేదులే" అంది చివరికి. "కత్తిపీట ఎక్కడుంది? రెండు టబ్బులూ కోద్దాం. పప్పులో వేశాక నాకు ఇంటికి కూడా కావాలి."

రాజమ్మ వెంటనే అందుకుంది. "మేడ మీద పొలం అంటే నమ్మకపోతివి."

సాంసన్ చెంబు పక్కన పెట్టాడు. "మరి మా బోరు సంగతి ఏంది మేడమ్?"

"ఈ ఆకు ఆ బోరు నీళ్లల్లనే పెరిగింది సార్. బోరుకేం రోగం లేదు."

అందరూ ఒక్కసారే ప్రభాకర్ వైపు తిరిగారు.

"ప్రభాకర్ గారూ, మీ మెసేజ్ విన్నకాంచి మా ఇంటామె క్యాన్ల నీళ్లతోటి బట్టలు ఉతుకుతున్నది" అన్నాడు సాంసన్, నెమ్మదిగానే.

ప్రభాకర్ సీసా వెనక దాచుకున్నాడు. మద్దతు కోసం తల్లి వైపు చూశాడు. ఆమె చేటకు అంటిన బూడిద దులుపుకుంటూ, ఆ చేటతో తనకు చుట్టరికం లేనట్టు ఆకాశం చూస్తోంది. భార్య వైపు చూశాడు. గోపిక పాలకూర కట్టలు కడుతోంది, ఏ మాత్రం తొందర లేకుండా.

"బోరుది తప్పు లేదు సార్" అన్నాడు. "మీటరుది గూడ లేదు. తెల్వకుండ నేనే మాట్లాడిన. తప్పు నాదే."

మేడ మీద అందరి చేతుల్లో ఫోన్లున్నాయి గానీ, ఆ ముక్కను రికార్డు చేయాలని ఒక్కరికీ తోచలేదు.