ఏడో అధ్యాయంలో అత్త

ఆ సోమవారం పొద్దున ఇంద్రాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు అశ్వినిని అంగన్‌వాడీలో దింపాలి. అత్త ఓబమ్మ లేపాక్షి నుంచి తిరిగొచ్చేలోపల, పార్సిల్లో వచ్చిన అట్టపెట్టెను మగ్గం కింద కాళ్ళుంచే గుంతలోకి తోసెయ్యాలి. పెట్టెలో యాభై పుస్తకాలున్నాయి. యాభైకీ పేరు ఒకటే, ‘మేఘాల కడవ’. రాసిందీ ఇంద్రాణే, అచ్చు వేయించుకున్నదీ ఇంద్రాణే.

తొమ్మిదో తరగతిలో బడి మానిన ఇంద్రాణి, పిల్ల నిద్రపోయే మధ్యాహ్నాల్లో ఫోనులో దేశదేశాల దేవుళ్ళ కథలు చదువుకుంటూ మూడేళ్ళు రాసిన నవల అది. అందులో గ్రీకుల పిడుగుల దేవుడు, మంచుదేశాల సుత్తి దేవుడు థోర్, మెక్సికో వానదేవుడు త్లాలోక్, మన ఇంద్రుడు కలిసి పెనుకొండ కొండెక్కుతారు. ఈ సీమలో వానలెందుకు లేవని ఆరా తీస్తారు. ఒక రాక్షసి మేఘాలన్నిటినీ కడవలో పోసి మూత పెట్టిందని ఏడో అధ్యాయంలో తేలుతుంది. ఆ రాక్షసికి నడుమున తాళంచెవులు, ముక్కులో నశ్యం. కోడలికి తలంటు నీళ్ళు చెంబుతో కొలిచి పోస్తుంది. ధర్మవరంలో ఆ వీధివాళ్ళెవరు చదివినా రాక్షసి ఇంటి నంబరుతో సహా చెప్పగలరు.

ఓబమ్మకు చదువు రాదు. ఇంద్రాణికున్న ధైర్యం అదొక్కటే. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరస తప్పిందని పక్కింటి సువర్ణతో పదకొండేళ్ళుగా మాట్లాడని మనిషి ఓబమ్మ. ఇక తనను రాక్షసిని చేసిన కోడలితో మాట్లాడుతుందా? ఇంట్లో ఉండనిస్తుందా? పుట్టింటికి పొమ్మంటే పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? పెట్టె ఇంకా విప్పకముందే ఇంద్రాణి మనసులోనే పుట్టింటికి సోమందేపల్లె బస్సెక్కి ఏడ్చేసింది.

గుంతలో మగ్గం నేస్తున్న భర్త వీరేష్ కాళ్ళున్నాయి. ఈ అంచు ముగించి లేస్తానన్నాడు. అంచు ముగియలేదు, ఓబమ్మ వచ్చేసింది.

“ఏందమ్మీ అవి?”

“దేవుళ్ళ పుస్తకాలత్తా,” అంది ఇంద్రాణి. అబద్ధం చెప్పడానికి కూడా టైము లేక నిజమే చెప్పింది.

అట్ట మీద మబ్బులు, మెరుపులు, నలుగురు దేవుళ్ళు. ఓబమ్మ ఒక పుస్తకం తీసి కళ్ళకద్దుకుంది. ఆషాఢం దాటినా చినుకు పడకపోతే ఆ వీధి గుడిలో ఏడు రోజులు పురాణం చదివిస్తారు. పాత పుస్తకాన్ని కిందటేడు చెదలు తినేశాయి. దేవుడే దోవ చూపించాడనుకుని ఓబమ్మ కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ దట్టంగా పూసింది. ఆ పూతకింద రాసినామె పేరు కనబడకుండా పోయింది. మధ్యాహ్నానికల్లా పుస్తకం గుడిలో వ్యాసపీఠం ఎక్కింది.

చదివేది మార్కండేయ. కళ్ళజోడుకు దారం కట్టుకున్న పెద్ద నేతగాడు. రోజుకొక అధ్యాయం రాగం తీసి చదివి అర్థం చెబుతాడు. తెలియని చోట ఆగే అలవాటు ఆయనకు లేదు. థోర్ అంటే ఇంద్రునికి చిన్నాయన కొడుకనీ, చలికి ఆ పక్క స్థిరపడ్డాడనీ వివరించాడు. త్లాలోక్‌కు కోకో ఇష్టమని రాసివుంటే ఓబమ్మ షరీఫ్ అంగట్లో చాక్లెట్లు తెచ్చి నైవేద్యం పెట్టింది. దాంతో మూడో రోజుకు పిల్లలకు భక్తి కుదిరింది. థోర్‌కు కల్లు పెట్టాలని తెలియగానే మగవాళ్ళు ఆ నైవేద్యం గుడి బయట తామే చూసుకుంటామని ముందుకొచ్చారు. ఐదో రోజుకు మైకు వచ్చింది. జరీ వ్యాపారి కరీం సాబ్, వాన వస్తే జనం తడుస్తారని షామియానా వేయించాడు.

ఆరో రోజు వచ్చింది, మర్నాడే ఏడో అధ్యాయం. నువ్వే రాసినావని చెప్పెయ్యమన్నాడు వీరేష్. అది తప్ప ఇంకేమైనా చెప్పమంది ఇంద్రాణి. సాయంత్రం దీపం పెట్టే నెపంతో గుడికెళ్ళి, పోగులు కోసే బ్లేడుతో ఏడో అధ్యాయాన్ని కోసుకొచ్చింది.

మర్నాడు మార్కండేయ పుస్తకం విప్పి, ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పాడు. “పేజీలు లేవప్పా. పారాయణం నడాన తెగితే ఉండే మబ్బు కూడా పోతాది.”

“దానికేముందన్నా? మా ఇంట్లో ఇంగా నలభై తొమ్మిది ఉండాయి,” అంది ఓబమ్మ. పెట్టె మొత్తం తెప్పించి, చదువొచ్చిన ఆడపిల్లలందరికీ తలా ఒకటి పంచింది. వాటికి పసుపు పూసే తీరిక ఎవరికీ లేదు.

సువర్ణ ఓబమ్మను చూడకుండా మార్కండేయతో అంది: “మామా, ఈడ ఇంద్రాణి, ధర్మవరం అని ఉండాది. ఎవరో కనుక్కో.”

తలలన్నీ ఇంద్రాణి వైపు తిరిగాయి. ఓబమ్మ మాత్రం తిరగలేదు. “చదువన్నా,” అంది మార్కండేయతో.

మైకులో నశ్యం వచ్చింది. తాళంచెవులు వచ్చాయి. చెంబు నీళ్ళు వచ్చాయి. నవ్వు ఆపుకోలేక కొందరికి దగ్గొచ్చింది. ఓబమ్మ నడుమున తాళంచెవులు కదలకుండా చేత్తో పట్టుకుని విన్నది. చివరికి థోర్ సుత్తితో కడవ పగలగొట్టాడు, వాన కుండపోతగా కురిసింది, రాక్షసి వరదలో కొట్టుకుపోయింది. ఓబమ్మ లేచి నిలబడింది. ఇంద్రాణి అశ్వినిని ఎత్తుకుని చెప్పులు వెతుక్కుంది.

“కడవ పగలగొట్టినారు, సరే. రేపటికి నీళ్ళు యాడివి?”

ఓబమ్మ అప్పుడు ఇంద్రాణి వైపు తిరిగింది.

“నలుగురు దేవుళ్ళుండారు, ఒకనికన్నా బుద్ధుండాదా? నీళ్ళు దాచిపెట్టింది ఆయమ్మ ఒగతే. ఆయమ్మను ఏట్లో కలిపితివి గదమ్మీ.”

“ఆమె రాక్షసి కదత్తా,” అంది ఇంద్రాణి సన్నగా.

“యాడ రాక్షసి? సంసారం తెలిసిన మనిషి. నా మాదిరే ఉండాది. తిరగ రాయి.”

ట్యాంకరు కోసం తెల్లవారుజామునే లేచే ఆడవాళ్ళందరూ తలలూపారు. ఆ సాయంత్రమే వాన పడింది, గుత్తిలో. రెండో ముద్రణలో రాక్షసి గెలిచింది. దేవుళ్ళు చెంబుతో కొలిపించుకుని తలా ఇన్ని నీళ్ళు పట్టుకుపోయారు. పుస్తకం వెయ్యి ఇళ్ళకు చేరింది. ఇంద్రాణికి కూడా ఊళ్ళో మంచి పేరొచ్చింది, అత్త చెప్పినట్టు వినే కోడలని.